రోజుకో మిల్లీమీటరు

మిరప కోతలు అయిపోయిన వారానికి మా అక్క చిల్లకల్లు సెంటర్లో రోడ్డు దాటుతుంటే కుడికాలి చెప్పు రోడ్డు మధ్యలోనే ఉండిపోయింది. అక్క మాత్రం అవతలికి వెళ్ళిపోయింది. వెనక నుంచి ఎవరో కేకేసి చెబితే తప్ప తన కాలికి చెప్పు లేదన్న సంగతి ఆమెకు తెలియలేదు. వెనక్కి వెళ్ళి తొడుక్కుని నాలుగడుగులు వేసేసరికి మళ్ళీ జారింది. చెప్పు వదులైందనుకుని కొత్త జత కొనుక్కుంది. కొత్తదీ జారింది. దాంతో చెప్పుల షాపతన్ని నలుగురిలో కడిగేసి, ఆ తిట్లన్నీ సాయంత్రం నాకు ఫోన్లో ఒక్కటి కూడా వదలకుండా వినిపించింది.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. బావది సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. అక్క ముప్ఫై మంది ఆడకూలీల ముఠాకు మేస్త్రి. మిరప కోతైనా పత్తితీతైనా చుట్టుపక్కల రైతులు ముందుగా వచ్చేది అక్క దగ్గరికే. ఏ చేలోకి ఎంతమంది వెళ్ళాలి, ఎవరికి ఏ సాలు ఇవ్వాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే కబుర్లతో పని చెడుతుంది, ఇవన్నీ ఆమె నోటి మీదే నడుస్తాయి. ఆ నోటికి రైతులు కూడా జంకుతారు. నేను జగ్గయ్యపేటలో ఉంటూ రోజూ బస్సులో నందిగామ వెళ్ళి, అక్కడి జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. నా నోటికి ఫస్టియర్ పిల్లలు కూడా జంకరు.

చెప్పు జారడమేమిటో చూద్దామని మర్నాడు కాలేజీ నుంచి వస్తూ చిల్లకల్లులో దిగాను. అక్కను మంచం అంచున కూర్చోబెట్టి, కుడిపాదం పైకెత్తమన్నాను. ఎత్తానంది. పాదం అలాగే వేలాడుతోంది. ఎత్తలేదు, ఎత్తు అని నేనంటే, ఎత్తానంటుంటే నీకు కళ్ళు కనపడవా అని కసిరింది. అప్పుడు తనే కిందికి చూసుకుంది.

అక్కడ నాకు భయం వేయాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద గీస్తున్న నాడీకణం మొదటిసారి నా ఎదురుగా, మా అక్క కాలి రూపంలో కూర్చుంది. ఇక ఆగలేదు. పాదాన్ని ఎత్తే కండకు ఆజ్ఞ మోసే కణం అసలు శరీరం నడుము దగ్గర, వెన్నులో ఉంటుందనీ, అక్కణ్ణుంచి ఒక్కటే దారం కిందిదాకా దిగుతుందనీ, దారానికి కావలసిన ప్రోటీన్లు దాదాపు అన్నీ పైన కణంలోనే తయారై కిందికి మోసుకురాబడతాయనీ చెప్పాను. మోసేది కూడా ఒక ప్రోటీనే. దానికి రెండు కాళ్ళుంటాయి. దారం లోపల పట్టాల్లాంటి సన్నటి గొట్టాలుంటే, వాటి మీద నెత్తిన మూటతో అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ నడుస్తుంది. క్లాసులో ఈ భాగం చెప్పేటప్పుడు నేను బల్ల ముందు నడిచి చూపిస్తాను. అక్క ఇంట్లో కూడా నడిచి చూపించాను.

అక్క చాలా శ్రద్ధగా వింది. తర్వాత వాళ్ళకు మేస్త్రి ఎవరని అడిగింది. మేస్త్రి ఉండడన్నాను. నమ్మలేదు. కిందికి వెళ్ళినవాళ్ళు వట్టి చేతులతో తిరిగొస్తారా అని అడిగింది. పైకి మోసేవాళ్ళు వేరే ఉంటారు, పాడైపోయిన సామానూ చివర్లో జరిగిన సంగతులూ వాళ్ళు వెనక్కి తెస్తారన్నాను. అదొక్కటీ ఆమెకు నచ్చింది.

ఆ ఉత్సాహంలో కుట్టుమిషను పెట్టెలోంచి టేపు తీయించి, అక్క నడుము నుంచి కాలి బొటనవేలి దాకా కొలిచాను. తొంభై ఐదు సెంటీమీటర్లు. తెగిన నరం రోజుకు ఓ మిల్లీమీటరు పెరుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది. తొమ్మిదివందల యాభై రోజులు. రెండేళ్ళ ఏడు నెలలని, లెక్క తేలినప్పుడు క్లాసులో పలికే గొంతుతోనే పలికాను.

"రోజంతా మోసి మిల్లీమీటరా? అట్టాంటోణ్ణి నా ముఠాలో ఒక్క పూట కూడా ఉంచనురా," అంది అక్క. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. నా బస్సు టైమైందని గుర్తు చేసి పంపించేసింది.

బస్సులో కూర్చున్నాక నేను చేసిన ఘనకార్యం నాకు తట్టింది. రెండేళ్ళ ఏడు నెలలంటే రెండు మిరప కోతలు, మూడు పత్తితీతలు. అన్నాళ్ళు మేస్త్రి చేలో లేకపోతే ముఠా ఆగదు, ఇంకొకరి వెనక వెళుతుంది. అక్క తర్వాత ముఠాలో పెద్దది వాళ్ళ ఎదురింటామె. ఆమెకు కాళ్ళు రెండూ బాగున్నాయి, ఆశ కూడా బాగానే ఉంది. పొద్దున్నే ముప్ఫై మందిని లేపి ఆటోలెక్కించడం పోతే అక్కకు మిగిలేది టీవీ, బావ. ఆ రెంటితోనూ ఆమె అరగంట కన్నా ఎక్కువ గడపలేదు. చదువుకున్న తమ్ముణ్ణని వెళ్ళి, టేపు పట్టుకుని, ఆమె బతుకు మీద రెండున్నరేళ్ళ తాళం వేసి వచ్చాను.

ఆ వారంలోనే సెలవు పెట్టి విజయవాడ తీసుకెళ్ళాను. నరాల డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. కాలికి వైర్లు తగిలించి పరీక్ష చేశాక, పనిలో ఎలా కూర్చుంటారమ్మా అని అడిగాడు. అక్క కుర్చీలోంచి దిగి, గది మధ్యలో గొంతుక్కూర్చుంది. అంతటితో ఆగితే సరిపోయేది. మిరపచెట్టు ఎదురుగా ఉన్నట్టు రెండు చేతులా కాయలు కోసి చూపించి, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే జరుగుతూ సాలు పొడవునా వెళ్ళింది. డాక్టరు గది చిన్నది. సాలు తలుపు దాకా వెళితే, రోగి బయటికి వస్తోందనుకుని బయటున్న ఆయా తలుపు తీసింది. అక్క ఇంకో రెండు చెట్లు వరండాలో కోసి వచ్చింది.

డాక్టరు ఆమె మోకాలి కింద బయటివైపు ఉన్న ఎముక బొడిపె మీద వేలితో తట్టాడు. అక్క కెవ్వుమంది. నరం అక్కడ చర్మం కిందే పోతుందట. రోజుల తరబడి అలా మోకాళ్ళు మడిచి కూర్చుంటే నలిగిపోతుందట. అంటే దెబ్బ తగిలింది నడుము దగ్గర కాదు, మోకాలి దగ్గర. అక్కడిదాకా దారం నిక్షేపంలా ఉంది. అక్కణ్ణుంచి పాదాన్ని ఎత్తే కండలోకి వెళ్ళే కొమ్మలదాకా జానెడు దూరం. కొన్ని దారాలకు పైతొడుగు మాత్రమే నలిగింది, అవి ముందే కోలుకోవచ్చు. తెగినవి మాత్రం మళ్ళీ పెరగాలి. ఆరేడు నెలలు చూద్దాం, పూర్తిగా రావచ్చు, కొంత రావచ్చు, నేను మాట ఇవ్వలేనన్నాడు. మడమ పట్టుకుని పాదాన్ని లేపి ఉంచే ప్లాస్టిక్ పట్టీ ఒకటి రాశాడు. గొంతుక్కూర్చోవడం మానేయమన్నాడు. అంతా అయ్యాక, రెండున్నరేళ్ళని ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు. అక్క నా వైపు వేలు చూపించి, వీడు జువాలజీ లెక్చరరని చెప్పింది.

"పాఠం కరెక్టే సార్. టేపు పట్టిన చోటే తప్పు," అన్నాడు డాక్టరు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా గుర్తుంది.

వచ్చేసేముందు ఆయన అక్కకు ఒక చిట్కా నేర్పాడు. మోకాలి నుంచి కిందికి వేలితో తట్టుకుంటూ వస్తే, పెరుగుతున్న నరం కొస ఎక్కడుందో అక్కడ పాదం దాకా జిల్లుమంటుంది. వారం వారం ఆ చోటు కిందికి జరుగుతుంటే పని నడుస్తున్నట్టు. పని నడుస్తోందో లేదో కనిపెట్టే ఉపాయం దొరికేసరికి అక్క ముఖం విప్పారింది.

అప్పటి నుంచి నాకు హాజరు మొదలైంది. రోజూ సాయంత్రం చిల్లకల్లులో దిగాలి, అక్క కాలు తట్టాలి, జిల్లుమన్నచోట గుర్తు పెట్టాలి. వారానికోసారి చాలన్నాను. వారానికోసారి చూసుకుంటే కూలీలు పని చేస్తారా అంది. బాల్‌పెన్ను గుర్తు స్నానంలో పోతోందని, ముఠాలో ఓ పిల్ల దగ్గర గోళ్ళరంగు తెప్పించింది. నందిగామలో పొద్దంతా పాఠం చెప్పి, సాయంత్రం చిల్లకల్లులో మా అక్క పిక్క పక్కన ఎర్రటి చుక్కలు పెట్టేవాణ్ణి. ఒకరోజు చేతికి అంటిన రంగుతో ఇంటికెళితే మా ఆవిడ నేరుగా పక్కగదిలోకి వెళ్ళి అక్కకు ఫోన్ చేసి నిర్ధారించుకుంది.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు కాలి గురించి ప్రార్థన చేస్తానంటే, అక్క ఆయనకు మొత్తం వివరించిందట. ఆ వారం నేను కూడా వెళ్ళాను. ఆయన కళ్ళు మూసుకుని, చేతులెత్తి, "ప్రభువా, మా సహోదరి కాలి నరములో బరువులు మోయుచున్న ఆ చిన్న కూలివారి అడుగులను స్థిరపరచుము," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ మోత ప్రోటీన్ల కోసం ఇంత సూటిగా ప్రార్థించిన సంఘం ఇంకెక్కడా ఉండదనుకుంటాను. అక్క నా వైపు తిరిగి, సరిగ్గా చెప్పానా అన్నట్టు కనుబొమ్మలెగరేసింది.

రెండో నెలలో మాకు పోట్లాట వచ్చింది. మిల్లీమీటరు ఆమె కడుపులో అరగలేదు. అంత నెమ్మదిగా నడిచేవాడు నడవకుండా ఉన్నట్టే కదా అని రోజూ అదే మాట. నేను ఓపిగ్గా, అంటే నా మటుకు నాకు ఓపిగ్గా, రెండు రకాల రవాణా ఉందని చెప్పాను. కొన్ని సరుకులు వేగంగా వెళతాయి, రోజులో మూర దూరం దాటుతాయి. దారానికి వాసాలూ దూలాలూ అనదగ్గ ప్రోటీన్లు మాత్రం నెమ్మది రకం, వాటికే మిల్లీమీటరు. నా నోట్సులో ఎక్స్‌ప్రెస్ బస్సు, పల్లెవెలుగు బస్సు అని రాయిస్తాను. పిల్లలకు అదొక్కటే గుర్తుంటుంది.

రెంటినీ మోసేది ఒకళ్ళేనా, వేరువేరా అని అడిగింది అక్క. వేరే వేరే అన్నాను. అక్క కాలు స్టూలు మీద పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

"నడక తక్కువ కాదురా. ఆగటం ఎక్కువై ఉంటది."

నేను నవ్వాను. తప్పని చెప్పాను. తను మాత్రం తొణకలేదు. చేలో ఇద్దరికీ చేతివేగం ఒకటే ఉంటుందట, ఒకామె పొద్దు నడినెత్తికొచ్చేసరికి సాలు చివర ఉంటే రెండో ఆమె సాయంత్రానికి చేరుతుందట. దూరం నుంచి చూసే రైతు రెండో ఆమెకు చెయ్యి ఆడదనుకుంటాడు. దగ్గర కూర్చుని చూస్తే ఆమె మంచినీళ్ళకు లేస్తుంది, ఫోన్ చూస్తుంది, ఆటో శబ్దమైతే ఎవరొచ్చారో చూస్తుంది, కోసినంతసేపు మాత్రం మొదటామెతో సమానంగా కోస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని చూస్తున్నాను, నెమ్మదిగా నడిచే కూలి నాకు ఒక్కరూ తగల్లేదు, ఆగేవాళ్ళే తగిలారంది. నేను ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నానన్నాను. నా గొంతు పెద్దదైంది. ఎదురింటామె వాకిట్లోకి వచ్చి నిలబడింది.

ఇంటికెళ్ళి, అక్క తప్పని రుజువు చేయడానికే ఫోన్లో కొత్త పుస్తకాలు వెతికాను. నేను చదువుకున్న రోజుల తర్వాత ఆ విషయంలో చాలా జరిగింది. మెరిసే రంగు అంటించి, బతికున్న కణంలో ఆ వాసాల ప్రోటీన్లు కదులుతుంటే చూశారట. కదిలినంతసేపు అవీ వేగంగానే వెళుతున్నాయి. మోసేవాళ్ళు వేగం రకానికి ఎవరో, వీటికీ వాళ్ళే. కాకపోతే కాస్త వెళ్ళడం, పట్టా దిగి చాలాసేపు ఊరికే ఉండిపోవడం, మళ్ళీ ఎక్కడం. రోజంతా కలిపి చూస్తే మిల్లీమీటరు. నాకు ఒళ్ళు మండింది. అన్నం సగంలో లేచాను. ఏమైందని మా ఆవిడ అడిగితే ఆకలి లేదన్నాను.

మర్నాడు క్లాసులో బస్సుల పేరా కొట్టేయించాను. ఎందుకని అడిగితే, తప్పని చెప్పాను. ఇది పరీక్షలో వస్తుందా సార్ అని అడిగాడొకడు. రాదన్నాను. కొట్టేయడం ఆపేశారు.

అక్కకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. టీ తాగుతూ, ఏదో మాటల్లో వచ్చినట్టు చెప్పాను. ఎగతాళి చేస్తుందని సిద్ధపడి వెళ్ళాను. ఆమె ఎగతాళి చేయలేదు. ఎందుకు ఆగుతున్నారంట అని అడిగింది. అది ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదన్నాను. తెలుసుకుని చెప్పమంది. ఇదేదో నేను వాళ్ళను అడిగి రావాల్సిన సంగతైనట్టు.

చుక్కలు దిగుతూ వచ్చాయి. ఎండాకాలం పోయి వానలు పడ్డాయి, పత్తి గింజలు పెట్టారు. జానెడులో మూడొంతులు దాటాక చుక్క ఆగిపోయింది. మూడు వారాలు తట్టిన చోటే తట్టాం. అక్క తన పిక్కను తిట్టింది, నన్ను తిట్టింది, ఆఖరికి తిట్టడం మానేసింది. అది నాకు అన్నిటికన్నా భయం వేసిన సంగతి. ఆ రోజుల్లోనే పత్తితీతకు మనుషులు కావాలని ఒక రైతు వచ్చి, అక్కను పలకరించి, కాలెలా ఉందని అడిగి, ఎదురింటికి వెళ్ళి మాట్లాడుకున్నాడు. అక్క గుమ్మంలో కూర్చుని అంతా చూసింది.

ఆ సాయంత్రం నేను గోళ్ళరంగు సీసా తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "కాలు రాకపోతే నేనేం చేయాలిరా? కూర్చుని తినటం నాకు చేతగాదు," అంది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఏ చేలోకి ఎంతమందో అడిగినట్టే అడిగింది. కండ దగ్గరికొచ్చేసరికి దారం పది పదిహేను కొమ్మలుగా చీలుతుంది, ప్రతి కొమ్మకూ సరుకు పంచాలి, ఏది ఎటు పోవాలో చీలిక దగ్గర తేల్చుకోవాలి, అక్కడ ఆలస్యం మామూలేనని చెప్పాను. చీలికల దగ్గర పంపకం ఉన్నమాట నిజం. ఆలస్యం అందువల్లేనా అంటే, ఆ మాట నేను మా అక్క ముఖం చూసి చెప్పాను. అక్క మాత్రం తలూపింది. చీలిక దగ్గర గొడవలు సహజమేనంది. సాలు పంచేటప్పుడే తన గొంతు కూడా పోయేదట.

పది రోజుల తర్వాత, యథాప్రకారం కింద పీట మీద కూర్చుని అక్క కాలు తడుతున్నాను. పట్టీ విప్పేసి ఉంది. వేలాడుతున్న పాదం బొటనవేలు నా కళ్ళజోడుకు తగిలింది. పొరపాటున తాకిందేమోనని పక్కకు జరిగాను. మళ్ళీ తగిలింది. తలెత్తి చూస్తే అక్క ఊపిరి బిగబట్టి, మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని, ముఖమంతా ఎర్రగా చేసుకుని కూర్చుంది. పాదం లేచింది. రెండు వేళ్ళ ఎత్తు. కాసేపు నిలబడి, వణికి, పడిపోయింది. మళ్ళీ ఎత్తమన్నాను. మళ్ళీ ఎత్తింది. నాకు ఏడుపొచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను, కాలు తగిలి మసకబారిందన్నాను. అక్క అప్పటికే లేచి, ఎదురింటికి వినపడేట్టు, పొద్దున్నే ముఠాను ఇంటికి రమ్మని ఫోన్ చేస్తోంది.

అది అక్కడితో పూర్తయిన కాలు కాదు. పత్తి పగిలే నాటికి పాదం ముప్పాతిక వంతు లేచేది, సాయంత్రమయ్యేసరికి అలిసిపోయి నేల మీద చప్పుడు చేసేది. అయినా పట్టీ కట్టుకుని ఆటో ఎక్కింది. పత్తి నిలబడి తీసేదే, కూర్చునే పని లేదంది. ఎదురింటామె పేచీ పెట్టలేదు. ఇన్నాళ్ళూ ముప్ఫై మందిని లేపలేక ఆమె ప్రాణం విసిగిపోయిందట. ఇక రోజూ దిగి అవస్థ పడొద్దు, హాయిగా ఇంటికెళ్ళు అని అక్క నాతో చెప్పింది. బతికానని నేనూ పైకే అన్నాను.

మొదటి సోమవారం సాయంత్రం బస్సు చిల్లకల్లులో ఆగితే దిగేశాను. దిగాక గుర్తొచ్చింది. బస్సు వెళ్ళిపోయింది. ఇల్లు తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే చేలోంచి ఎత్తింది, వెనక పది గొంతులు వినబడుతున్నాయి. ఎక్కడున్నావంది. మీ గుమ్మంలో అన్నాను. తాళంచెవి ఎదురింట్లో ఉంది, టీ పెట్టుకో, ఇద్దరికీ పెట్టు అంది.

పొద్దుగూకుతుంటే ఆటో దిగింది. తలగుడ్డకు పత్తి పింజలు, నడకలో కుడికాలు కొద్దిగా చప్పుడు. గుమ్మంలో కూలబడి కాలు చాపుకుంది. నేను వంగబోతే వెనక్కి లాక్కుంది.

"కాలు బానే ఉందిగా. మళ్ళీ ఎందుకొచ్చావ్?"

"ఊరికే."

టీ పోసిచ్చాను. పంచదార ఎక్కువేశావంది, లెక్చరర్లకు టీ పెట్టడం కూడా రాదంది. రేపు వచ్చేటప్పుడు పాలు పట్టుకు రమ్మని చెప్పి, గ్లాసు మళ్ళీ చాపింది.